ప్లాస్టిక్ గానుగ తిప్పిన క్యాసెట్

మా చిన్నప్పుడు ఎల్లారెడ్డిలో, మా పక్కింటి అరుగు మీద ఒక చెరుకు గానుగ ఉండేది... అరచేతిలో పట్టేంత! ఎరుపు, పసుపు ప్లాస్టిక్ ఇటుకలతో నేనూ ఆ ఇంటి నయీమూ కట్టింది. సెల్లులు వేసి మీట నొక్కితే గుర్రుమని తిరిగేది. గడ్డిపోచ పెడితే నలిగి అవతలి వైపు వచ్చేది. రసం కారుతుందని కింద సీసా మూత కూడా పెట్టేవాళ్లం... పిచ్చి ఆశ కదా!

ఆ ఇటుకల డబ్బా నయీం వాళ్ల అబ్బా, అంటే నాన్న, దుబాయ్ నుంచి తెచ్చింది. ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే టక్కున అతుక్కునేవి. వాటితో పాటు ఒక చిన్న మోటరు, పళ్ల చక్రాలు. డబ్బా మీద ఏవో పెద్ద పెద్ద క్రేన్ల బొమ్మలుండేవి గానీ, వాటితో మాకేం పని? కామారెడ్డి దారిలో బెల్లం వండే చోట చూసిన గానుగ, పొలాల్లో బోరు వేసే లారీ... మాకు తెలిసినవే కట్టేవాళ్లం. కుదరకపోతే పీకి మళ్లీ మొదలు. అన్నం ధ్యాస కూడా ఉండేది కాదు.

అబ్బా తెచ్చిన ఇంకో వస్తువు టేప్‌రికార్డర్. అప్పుడు ఫోన్లెక్కడివి? మా వైపు నుంచి దుబాయ్ పోయినవాళ్లు చెప్పాల్సినదంతా క్యాసెట్‌లో నింపి, ఊరికొచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. ఇంటిల్లిపాదీ చాప మీద కూర్చుని వినేవారు... నేను కూడా! ముందు అందరికీ సలాములు, తర్వాత నయీం చదువు సంగతి... చివర్లో "ఔర్ సునో..." అనేవాడు అబ్బా. ఇంకా విను, అని. ఆ మాట రాగానే నయీం వాళ్లమ్మ మమ్మల్నందరినీ బయటికి తరిమి తలుపు వేసుకునేది. ఆ తర్వాతి మాటలు ఆమె ఒక్కదానివి. ఆమెను నేను ఖాలా అనేదాన్ని, పిన్ని అన్నట్టు. వాళ్లింట్లో ఉర్దూ, మాతో తెలుగు.

ఒక ఎండాకాలం అబ్బా పోయాడని కబురొచ్చింది. కట్టే బిల్డింగ్ మీద నుంచి పడ్డాడట... మట్టి కూడా అక్కడే చేశారు. మీద పడి ఏడవడానికి శవమైనా రాలేదు ఇంటికి.

ఆ ఏడుపులింకా తగ్గలేదు... సదాశివనగర్ ఆయన ఒకడు దుబాయ్ నుంచి వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. అబ్బా బతికుండగానే అక్కడ బయల్దేరి, బొంబాయిలో చుట్టాలింట్లో ఆగి వచ్చాడు. పాపం, ఏమీ తెలియదు. "భాయ్ మంచిగున్నడు భాభీ... ఇది ఇయ్యుమన్నడు" అని నవ్వుతూ క్యాసెట్ చాపాడు. ఆ నవ్వు మొహం ఇప్పటికీ నా కళ్ల ముందు నుంచి పోదు.

తీరా చూస్తే టేప్‌రికార్డర్ పాడై ఉంది. అంతకు ముందే కామారెడ్డి తీసుకుపోతే, "మోటరు కాలిపోయింది, గిసొంటిది ఈడ దొరుకది" అని మెకానిక్ తిప్పి పంపాడు. ఊళ్లో హోటల్ వాళ్ల దగ్గర ఒకటుంది గానీ, అది టేపుల్ని నమిలేస్తుందని అందరికీ తెలుసు. పైగా ఖాలా ఇద్దత్‌లో ఉంది. భర్త పోయినవాళ్లు కొన్ని నెలలు గడప దాటరు. "ఆయన మాట బజార్ల ఇనిపియ్యొద్దు అక్కా. ఆయన తెచ్చిన మిషన్లనే ఇంట" అంది మా అమ్మతో. క్యాసెట్ తలగడ కింద పెట్టుకుని పడుకునేది.

నయీం ఏమనుకున్నాడో... గానుగ పీకడం మొదలుపెట్టాడు. "మోటరు మనకాడ ఉన్నది గదనే!" అన్నాడు.

మిషన్ వెనక మూత విప్పితే లోపల ఒక ఇనుప చక్రం, దాన్ని తిప్పే రబ్బరు బెల్టు. కాలిన మోటరు నుంచి బెల్టు తప్పించి, వెనకాల ఇటుకలతో గోడ కట్టి, మా మోటరు చక్రానికి తగిలించాం. కొత్త క్యాసెట్ పాడవుతుందేమోనని భయపడి, అబ్బా పంపిన పాత క్యాసెట్ పెట్టి మీట నొక్కాం.

గొంతు వచ్చింది... కానీ బావిలోంచి ఎవరో పిలుస్తున్నట్టు, సాగి సాగి, లావుగా. మా మోటరుకు పెద్ద చక్రం పెడితే కీచుమని పరుగెత్తింది.

"గది ఆయన గొంతు కాదు" అంది ఖాలా పరదా వెనక నుంచి.

చిన్న చక్రానికే దారం చుట్టాం. "ఇంక జరంత" అంది. మళ్లీ చుట్టాం. పొద్దంతా అదే పని... చివరికి పరదా వెనక నుంచి ఏ మాటా రాలేదు. తొంగి చూస్తే దుపట్టా నోట్లో కుక్కుకుని కూర్చుంది. కుదిరిందన్నమాట.

అప్పుడు కొత్త క్యాసెట్ పెట్టాం. సలాములు అయ్యాయి. "నయీం... ఆ డబ్బాతోని ఏం కట్టినవ్ బేటా? నేనొచ్చినంక తిప్పి చూపియ్యాలె" అని ఉర్దూలో అడిగాడు అబ్బా. నయీం తిరుగుతున్న ఆ చక్రాన్నే చూస్తూ ఉండిపోయాడు. వాడి మొహం చూడలేక నేను తల దించుకున్నాను.

ఆ తర్వాత... "ఔర్ సునో..."

అలవాటు కొద్దీ మేం లేచాం. ఇంతలో గొంతు జారింది. లావైంది... ఇంకా లావైంది... ఆగిపోయింది. పొద్దంతా పాత క్యాసెట్ తిప్పి తిప్పి సెల్లులు ఖర్చు చేసేశామన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు!

కొత్త సెల్లులు తెస్తానని నయీం ఉరకబోతే ఖాలా చెయ్యి పట్టుకుంది. "ఉండనీ బేటా... ఆయన ఇంక మాట్లాడేదున్నది గదా. ఉండనీ."

ఈ మధ్య కామారెడ్డిలో నయీం ఇంటికి వెళ్లాను. అల్మారా మీద అదే మిషన్. వెనక మా ఇటుకల గోడ కూడా అట్లాగే ఉంది, రంగు వెలిసి. లోపల ఆ క్యాసెట్టే, ఆగినచోటే. ఫోన్‌లోకి ఎక్కించి ఇస్తానని నయీం ఎన్నిసార్లు అన్నా ఖాలా ఒప్పుకోదట. నేనడిగితే నవ్వింది... "మొత్తం ఇంటే ఆయన పోయినట్టే గదా బిడ్డా" అంది.

ఇప్పుడు దుబాయ్‌లో ఉన్నవాళ్లు రోజూ ఫోన్‌లో కనిపిస్తున్నారు, మాట ఎక్కడా ఆగడం లేదు. నాకు మాత్రం కరెంటు పోయి ఫ్యాను నెమ్మదిస్తుంటే చాలు, ఆ గొంతు జారుతున్నట్టే ఉంటుంది.

మీ ఇంట్లోనూ అట్లాంటి క్యాసెట్ ఉందా? ఉంటే చెప్పండి... చివరిదాకా విన్నారా?