పడవ బొమ్మ పుస్తకం

తనూజ కుర్చీలో కూర్చోవడం నేను చూడలేదు. మా బ్యాంకుకి రెండు వీధుల అవతల కాలేజీ. సెలవు శనివారాల్లో అక్కడి లైబ్రరీకి వెళ్తుంటాను. వెళ్ళినప్పుడల్లా ఆవిడ తుడిచిన అద్దమే తుడుస్తూనో, సర్దిన పుస్తకాలే మళ్ళీ సర్దుతూనో కనిపిస్తుంది. అటెండరు ఉద్యోగం. వయసు నలభై ఆరు. "కాసేపు కుదురుగా ఉండలేరా?" అని ఒకసారి విసుక్కున్నాను కూడా.

"కూకుంటే కాళ్ళు లాగుతాయి మేడమ్" అని నవ్వేసింది.

నేను బదిలీ మీద బిలాస్‌పూర్ వచ్చినదాన్ని. తనూజ ఇక్కడే రైల్వే క్వార్టర్లో పుట్టి పెరిగింది. తండ్రి అప్పలకొండ రైలింజన్లు బాగుచేసే లోకో షెడ్డులో ఖలాసీ, బరువులు మోసే పనివాడు. ఆ కాలనీలో తెలుగువాళ్ళు నడుపుకున్న రీడింగ్ రూమ్ మూతపడ్డప్పుడు అందులోని మూడొందల పన్నెండు పుస్తకాలను రిక్షాలో నాలుగు విడతలుగా ఈ కాలేజీకి చేర్చింది ఆయనే. ఆ బీరువా తాళంచెవి ఇప్పుడు తనూజ కొంగున ఉంటుంది. రిటైరైన ముసలాళ్ళు ఏ పుస్తకం అడిగినా వెతుక్కోకుండా తీసిస్తుంది. "ఎర్రట్ట మీద కోట బొమ్మ, అదేనా? మూడో అరలో ఉంది" అంటుంది. ఏ పుస్తకమైనా ఆవిడకి అట్ట రంగు, బొమ్మ, మందం. ఆ మాట తీరు నాకు ముచ్చటగా ఉండేది. అంతకుమించి ఆలోచించే తెలివి నాకు లేకపోయింది.

చనిపోయిన తండ్రి గురించి మాత్రం ఎంతసేపైనా చెప్పేది. ఆయన వారానికో పుస్తకం తెచ్చేవాడట. డ్యూటీ దిగి, స్నానం చేసి, వరండాలో కూర్చుని పైకి చదివేవాడట. చుట్టుపక్కల క్వార్టర్ల ఆడవాళ్ళు బియ్యం చేటలు తెచ్చుకుని మరీ వచ్చి కూర్చునేవారట.

ఈ ఫిబ్రవరిలో లైబ్రరీలో భాషల ప్రదర్శన పెట్టారు. హిందీ, ఛత్తీస్‌గఢీ, బంగ్లా, ఒడియా, మరాఠీ, తెలుగు, ఒక్కో భాషకి ఒక్కో బల్ల. లైబ్రేరియన్ రాజేంద్ర ఒక షరతు పెట్టాడు. ప్రతి బల్ల దగ్గరా కాలేజీకి చెందినవాళ్ళెవరైనా ఆ భాషలో ఒక పేజీ పైకి చదవాలి. చదివే మనిషే లేని భాష బీరువా స్టోర్‌రూమ్‌కి పోతుంది, ఆ చోట్లో కంప్యూటర్లు వస్తాయి. స్టోర్‌రూమ్ అంటే చెదలకి విందే. తెలుగు ఇళ్ళ పిల్లలు కాలేజీలో పదిమంది దాకా ఉన్నారు గానీ వాళ్ళకి చదవడం రాదు. "తెలుగుకి తనూజ ఉంది కదా, చింతా మత్ కరో" అని భరోసాగా రాజేంద్ర తనే ఆవిడ పేరు రాసేసుకున్నాడు.

ముందురోజు నేను చూడ్డానికి వెళ్ళాను. తెలుగు బల్ల మీద, తాళం వేసిన అద్దాల పెట్టెలో, నడిమధ్య ఒక పాత పుస్తకం. అట్ట మీద పడవ, కొబ్బరిచెట్టు. పేరు ఎప్పుడో చెరిగిపోయి అడుగున ఒక్క వరసే మిగిలింది. ముందు నిలబెట్టిన కార్డు మీద స్కెచ్ పెన్నుతో, చుట్టూ పూలతీగ వేసి, ముత్యాల్లాంటి అక్షరాలతో రచయిత పేరు రాసి ఉంది. ఆ పేరు 'ద్వితీయ ముద్రణ'.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి పుణ్యాన నాకు ఏ ఊరూ మంచిది కాలేదు. పకపకా నవ్వి, "ఎవరండీ ఈ నిరక్షరకుక్షి? రెండోసారి అచ్చువేశాం అన్న ముక్క పట్టుకొచ్చి రచయితని చేశాడు!" అన్నాను.

తనూజ చేతిలో గుడ్డ అద్దం మీదే ఆగిపోయింది. "నానే రాసాను" అంది.

నా నవ్వు ఎక్కడిదక్కడే చచ్చింది.

"నాకు సదవడం రాదు మేడమ్. హిందీ ఐతే గడగడా సదివేస్తాను. ఇస్కూల్లో అదేగా నేర్పినారు. తెలుగు కార్డులన్నీ అట్టల మీద సూసి బొమ్మలేసినట్టు ఏసినాను." గుడ్డని నాలుగు మడతలు పెట్టింది. "మా నాన్న అంత సదివీవోడు. ఆయన కూతుర్నయ్యుండి అచ్చరం ముక్క రాదని ఎవులితో సెప్పుకోను?"

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఒక్క పేజీ నోటికి వచ్చేలా చేస్తానన్నాను. ఆవిడ వద్దంది. "పడవ బొమ్మ పుస్తకం నాకు మొత్తం నోటికొచ్చు. నాన్న ఎక్కడ పేజీ తిప్పీవోడో కూడా తెలుసు. మీరు ఎనకాల నిలబడండి, సాలు."

మర్నాడు ఆవిడ ఒకచోట నిలబడితే ఒట్టు. పువ్వులు సర్దింది, కుర్చీలు జరిపింది, తాగనని తెలిసీ నాకు మూడుసార్లు టీ తెచ్చింది. బంగ్లా పంతులమ్మ చదివింది. ఒడియా గుమాస్తా చదివాడు. ముందు వరసలో రిటైరైన తెలుగు రైల్వేవాళ్ళు ఆరుగురు కూర్చున్నారు. వాళ్ళలో అమ్మన్న అనే ఆయన, అప్పలకొండతో షెడ్డులో ముప్పై ఏళ్ళు కలిసి పనిచేసినవాడు.

తెలుగు అని పిలిచారు. తనూజ పుస్తకం తెరిచింది. తడబడితే మాట అందివ్వడానికి నేను వెనకనుంచి పేజీలోకి తొంగిచూశాను.

'మొక్కకీ మొక్కకీ నడుమ ఇరవై అయిదు అడుగుల ఎడం ఉండాలి. గోతి అడుగున ఇసుక, బూడిద కలిపి వేయాలి.'

అది కొబ్బరితోటల పెంపకం పుస్తకం.

తనూజ అప్పటికే మొదలుపెట్టేసింది. ఏరు దాటించే పైడమ్మ కథ. రైలు బ్రిడ్జి కట్టాక పడవెక్కే నాథుడు లేడు. పైడమ్మ ఏడవలేదు. పడవని ఒడ్డుకి లాగి, గుంజల మీద బోర్లించి, ఆ నీడలో కొబ్బరినీళ్ళు అమ్మింది. బండి బ్రిడ్జి మీదికి రాగానే డ్రైవరు కూత వేసేవాడు. "ఓరయ్యా, దిగి తాగిపో! నీ బండి ఎక్కడికీ పారిపోదులే" అని ఆవిడ కేకేసేది. తనూజ ఒకచోట ఊరికే ఆగింది, మర్చిపోయిందేమోనని హడలిపోయాను. అక్కడ షంటింగ్ ఇంజను కూతకి నాన్న ఆగేవాడని తర్వాత చెప్పింది. రెండుసార్లు పేజీ తిప్పింది. ముసలాళ్ళు కళ్ళజోళ్ళు తీసి తుడుచుకున్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. "అల్మారీ యహీ రహేగీ" అన్నాడు రాజేంద్ర. బీరువా దక్కింది.

ఆవిడకి మాత్రం స్థిమితం లేదు. పుస్తకం నా చేతిలో పెట్టి, "రాసినాయన పేరు లోపల ఉంటాది కదా, సరిగ్గా రాసియ్యండి. తప్పు కార్డు ఎట్టినానని రాత్రంతా నిద్దర పట్నేదు" అంది.

లోపల ఎవరో వ్యవసాయాధికారి పేరుంది. చివరి పేజీ దాకా తిప్పాను. ఎరువులున్నాయి, ఎర్రముక్కు పురుగులున్నాయి. పైడమ్మ లేదు. వరండాలో అమ్మన్న దగ్గరికి పరుగెత్తాను.

"అప్పలకొండ సదవడమా?" ముసలాయన నవ్వాడు. "మస్టర్లో ఏలిముద్ర ఏసీవోడు తల్లీ. ఇన్నవీ కన్నవీ కలిపి కథలు కట్టీవోడు. ఒట్టి నోటితో సెప్తే ఖలాసీ మాట ఎవులింటారు? పుస్తకంలో ఉందంటే ఇంటారని ఏదో పుస్తకం సేత్తో అట్టుకునీవోడు. నాకొక్కడికే తెలుసు. ఎవులికీ సెప్పనేదు."

లైబ్రరీలోకి తిరిగొచ్చే ఆ పది అడుగులూ నాకు తెగలేదు. చెబితే, చదువుకున్న తండ్రి అన్న ఆవిడ గర్వం పోతుంది. చెప్పకపోతే ఆయన కథ ఎవడో కొబ్బరి ఆఫీసరు పేరు మీద పోతుంది. నాకు ఒళ్ళు మండింది. కొత్త కార్డు తీసుకుని పెద్ద అక్షరాలతో రాశాను.

"ఏటి రాసినారు?"

"అప్పలకొండ. ఖలాసీ, లోకో షెడ్డు."

"అది మా నాన్న పేరు కదా. రాసినాయన పేరు అడిగాను."

అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేశాను. కొబ్బరితోటలు, వేలిముద్ర, అమ్మన్న మాట, అన్నీ. ఆవిడ కార్డుని అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. తర్వాత గోడవారనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మా నాన్నకీ రాదా?" అంది. కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి, ముఖం నవ్వుతోంది. "ఇన్నాళ్ళూ మా ఇంట్లో నానొక్కర్తినే అనుకుని సచ్చిపోనాను మేడమ్."

రాజేంద్ర కేక వేసి పిలిచాడు. ఆవిడ లేవలేదు.