చందనంలో పాపిట

దయ్యాల కథలు చెప్పేవాళ్లను ఏడిపించడం నాకు సరదా. జడ్చర్లలో మందుల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీలు చేసీ చేసీ చీకటంటే నిద్ర తప్ప ఇంకేదీ గుర్తురాదు. మహిమలనూ నమ్మను. అయినా ఏ గుడికి పోయినా చెప్పులు దూరంగా విడిచి, కాళ్లు కడుక్కుని, అక్కడివాళ్లు చెప్పినట్టే నడుచుకుంటాను. చుట్టంగా పోయిన ఇంట్లో మన పెత్తనం ఏముంటుంది?

మా చెల్లె బిడ్డ మల్లికకు ఐదో ఏట పుట్టువెంట్రుకలు తీయించారు. చెల్లె అత్తగారి ఇలవేల్పు దేవరకొండ అవతల ఒక గుట్ట మీది నరసింహస్వామి. మొక్కు ఉన్నందుకు అప్పటిదాకా పిల్ల తలకు కత్తెర తగల్లేదు. రెండు పెద్ద జడలు, ఎర్ర రిబ్బన్లు.

మేనమామే మొదటి కత్తెర వేయాలి. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఎడమ జడ కొస కత్తిరించాను. మిగతా పని మంగలి చేశాడు. స్నానం చేయించి గుండుకు చందనం పూశాం. పులిహోర పంచుతున్న సందడిలో చూస్తే పిల్ల లేదు.

గుట్టకు ఒక పక్క అంచు, కింద అన్నీ బండలే. చెల్లె నేల మీద కూలబడింది. చుట్టూ చందనం గుండ్లతో పిల్లలు ఆడుతుంటే, నేను కనబడ్డవాళ్లందరినీ "రెండు జడల పిల్ల, ఎర్ర రిబ్బన్లు, చూసిండ్రా?" అని అడుగుతున్నాను. ఏం తెలివో నాది! ఆ జడలకు కత్తెర పెట్టిందే నేను. ఎవరికి దొరుకుతుంది అలాంటి పిల్ల?

మెట్ల పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ మాత్రం తలెత్తింది.

"రెండు జడల పిల్లనా నాయినా? ఏడుస్తుంటే ఇప్పుడే దువ్వి జడలేసి వచ్చిన. ఎడమ జడ జర పొట్టిగైంది పాపం. గా పాత మండపం ఎనక ఉంది, ఉరుకు. అంచుకు కూసుంది, పైలం!"

ఉరికాను. మండపం వెనక, అంచున, కాళ్లు కిందికి వేలాడేసుకుని కూర్చుంది మల్లిక. పిలిస్తే ఉలిక్కిపడుతుందేమోనని నోరు మూసుకుని పోయి, వెనక నుంచి రెండు చేతులతో ఎత్తేశాను. పోయిన ప్రాణం తిరిగొచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చాను.

చెల్లె వచ్చి ముద్దులు పెడుతూనే వీపు మీద ఒకటేసింది. "ఎటు వోయినవే బిడ్డా, నా పానం పోయింది గదనే!"

"జుట్టు పోయిందని ఏడ్సిన. అవ్వ జడలేసింది" అంది మల్లిక.

అప్పుడు చూశాం. ఆరిన చందనం మీద నుదుటి నుంచి మెడ దాకా తిన్నగా పాపిట. దానికి రెండు పక్కలా సాళ్లు వేసినట్టు దువ్వెన పళ్ల గీతలు.

మెట్ల దగ్గరికి పోతే ముసలమ్మ లేదు. ఎవరో పెద్దమ్మ పిల్లను ఆడించడానికి గీసి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. మరి ఎడమ జడ సంగతి? దాని కొస నేను కత్తిరించానని ఆమెకెలా తెలుసు? నిజం చెప్పాలంటే, తెలుసుకోవాలనీ లేదు.

తిరుగు బస్సులో మల్లిక నా ఒళ్లోనే నిద్రపోయింది. ఆ పాపిట ఎక్కడ చెరిగిపోతుందోనని, తిమ్మిరెక్కినా జడ్చర్ల దాకా కదలకుండా కూర్చున్నాను.