చల్లారుతున్న ఊట

రేపు పొద్దున్నే పన్నెండుమంది అతిథులు మూడు రోజుల విశ్రాంతి శిబిరానికి వస్తారు. వేడినీటి ఊట మీద కట్టిన ఆ స్నానశాలలో ఏర్పాట్లన్నీ చూసేది ఆవిడే. ఈసారి వచ్చినవాళ్లు పెదవి విరిస్తే తలుపులకు తాళమేనని యజమాని తేల్చి చెప్పాడు. అప్పటినుంచి గోడమీద కార్యక్రమాల కాగితాలు అంటిస్తోంది, పీకి మళ్లీ అంటిస్తోంది. చెవిమీద పెన్సిలు, కుడి చెయ్యి ఎప్పుడూ తడే. పసిబిడ్డ స్నానానికి చూసినట్టు మోచెయ్యి ముంచి చూస్తేగాని ఆవిడకు నమ్మకం కుదరదు. భూమిలోపలి వేడి నెలరోజులుగా తగ్గుతోంది.

"ఎంతుంది బాబాయ్?"

"ఇంకో రెండు డిగ్రీలు దిగిందమ్మా. నీ టైంటేబులు భూమికి చూపించలేదేమో," అన్నాడు కొలను కడిగే పెద్దాయన.

ఆవిడ చెప్పులు విడిచి, కట్టుబట్టలతోనే కొలనులోకి దిగి మెడదాకా కూర్చుంది. అక్కడ పనిలో చేరిన తొమ్మిదేళ్లలో ఆ నీళ్లలో దిగడం అదే మొదలు.

"నాకు వణుకు పుట్టేదాకా గడియారం చూస్తూ ఉండు బాబాయ్."

కాసేపటికి పళ్లు టకటకలాడాయి.

"పావుగంటమ్మా. ఇక లే, జ్వరం తెచ్చుకుంటావు."

నీళ్లోడుతూనే వెళ్లి గోడమీది కాగితం దిద్దింది: స్నానం పది నిమిషాలు. ఆ తర్వాత సాయంత్రందాకా మౌనం, ఎవరూ ఎవరితోనూ ఏమీ అనకూడదు.