దడ ఉండగానే తీసుకురమ్మన్నారు

మా అక్క జబ్బు ఏలూరు డాక్టరుగారికి అంతుబట్టలేదని మావాళ్లు ఇప్పటికీ చెప్తారు. శుద్ధ అబద్ధం. ఆయనకు మేం చూపిస్తేగా!

అక్క అత్తవారిది కొల్లేటి ఒడ్డున ఊరు. పందొమ్మిదివందల ముప్ఫయిల్లో మాట. కూర్చున్న మనిషికి ఉన్నట్టుండి గుండె లెక్కకందనంత వేగంగా కొట్టుకునేది. పని ఎగ్గొట్టడానికే ఈ వేషాలని ఇంట్లో అనేవారు. డాక్టరుగారు అప్పట్లో ఇలాంటి గుండెల గురించే పరిశోధన చేస్తూ, దడ ఉండగా విని పుస్తకంలో రాసుకునేవారు. "ఆగకముందే తీసుకురండమ్మా, ఆగాక నాకేం తెలుస్తుంది?" అని, కాలేజీలో చదువుకుంటున్న నాకు మరీమరీ చెప్పారు.

నేను అక్కడ ఉండగానే దడ వచ్చింది. పరుగెత్తి పడవ మాట్లాడి వచ్చేసరికి, అక్క అత్తగారు బావి దగ్గర చేద పట్టుకుని ఉన్నారు.

"తలస్నానం లేకుండా పెద్దాసుపత్రికి ఎలా పంపుతామండీ? మీ కాలేజీలో అదే నేర్పారా?"

"చూపించాల్సింది గుండెనండీ, జుట్టును కాదు!"

వింటేనా! నెత్తిన, మొహాన చన్నీళ్లు కుమ్మరించి, జడేసి, ఉతికిన చీర కట్టించారు. పడవెక్కేసరికి అక్క నాడి నా నాడికన్నా నిదానంగా ఉంది. డాక్టరుగారు విని, ఏ దోషమూ లేదని రాశారు. వేషమేనని ఇంట్లోవాళ్లకు కాగితమే దొరికింది.

తర్వాత రెండుసార్లూ అదే స్నానం, అదే కాగితం. కోపంలో నాకు తట్టలేదు గానీ, మూడుసార్లూ దడ ఆగింది బావి దగ్గరే. ఆ మాట ఆయనకు చెప్పేలోగా బదిలీ అయిపోయారు.

ఇంతకీ మా అక్క గుండెను దారికి తెచ్చింది ఆ చన్నీళ్లేనా?