రాయి మీద వేసిన నింద

నారిన్ పట్నం పక్క ఊళ్లో ఉండే బురుల్‌కి యాభై రెండేళ్లు, కన్నది ఐదుగురిని. ఐదో కాన్పు నుంచీ దగ్గితే చాలు, లంగా తడిసేది. అత్తగారు కాలిచా అప్పుడే తీర్పు చెప్పేసింది. "చల్లటి రాయి మీద కూర్చుని ఉంటావు. నీకు కుదురెక్కడ ఏడ్చింది!" ఆ ఊళ్లో ఆడదానికి నడుం నొప్పొచ్చినా, కడుపు పండకపోయినా నేరం రాయిదే. పాపం, రాయి నోరెత్తదు గదా! ఆ రాతిచలి వదలాలని ఇరవై ఏళ్లుగా బురుల్ ఎండాకాలంలో కూడా ఒంటెబొచ్చు పట్టీ నడుముకు చుట్టుకుని ఉడికిపోయింది. తడి మాత్రం ఆగలేదు.

ఇప్పుడు మనవరాలు అడుగులేస్తోంది. తొలి అడుగుల పండగలో బిడ్డ కాళ్లకు దారం కట్టి, నాయనమ్మల వయసువాళ్లకు పరుగుపందెం పెడతారు. గెలిచినామె దారం కోస్తుంది, ఆమె నడకే బిడ్డకొస్తుందని నమ్మకం. ఒకప్పుడు పరుగులో బురుల్‌ని మించినవాళ్లు లేరు. ఈమధ్య పందెమంటే ఆడవాళ్లంతా ఏదో సాకుతో తప్పుకుంటున్నారు, తనూ మానుకుంటే కోసేది తోడికోడలు జిపార్. నాలుగడుగులేసి కూలబడే మనిషి! ఆ నడక నా మనవరాలికా అని బురుల్‌కి ఒళ్లు మండింది.

పట్నం పోయి డాక్టరమ్మకి చెప్పుకుంది.

"రాయికేం సంబంధమమ్మా?" అందావిడ. "మూత్రసంచినీ దాని గొట్టాన్నీ కింద నుంచి కండరాలు మోస్తాయి. బిడ్డ తల వాటిని సాగదీసుకుంటూ బయటికొస్తుంది. నీకు ఐదుసార్లు సాగాయి. ఇక గెంతితే గొట్టం బిగువుగా మూసుకోదు. ఆ కండరాల్ని బిగించి వదులుతూ ఉండు, రోజూ. కొన్ని నెలలకి గుణం కనిపిస్తుంది."

"పండగ పదిరోజుల్లోనే ఉందమ్మా!"

"అయితే తడుస్తావ్."

పండగనాడు పేర్లు పిలిచేసరికి ఆడవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. ఒకామెకి బీపీ, ఒకామెకి చెప్పు తెగింది, ఇంకొకామెకి మోకాలు పట్టేసిందట. గీత దగ్గర మిగిలింది జిపార్, బురుల్. బురుల్ లంగా ఎగదోపి పరుగందుకుంది. సగం దూరంలోనే కాళ్ల వెంట వెచ్చగా కారింది. సిగ్గుతో చచ్చిపోయింది గానీ ఆగలేదు. గెలిచి, దారం కోసి, మనవరాల్ని ముద్దాడింది.

మొగుడు మోల్దోకుల్ ఛాతీ విరుచుకున్నాడు. "చూశార్రా, నా పెళ్లాం చెమటతో ఎలా తడిసిపోయిందో!"

"చెమట కాదయ్యా, ఉచ్చ," అంది బురుల్ ఊరంతా వినేట్టు. "నీకు ఐదుగురిని కనిచ్చినందుకు మిగిలింది."

మగాళ్లు తలలు దించుకున్నారు. ఆడవాళ్లు పగలబడి నవ్వారు. మరుక్షణం సగంమంది మోకాళ్లు దగ్గరికి బిగించి మరుగుదొడ్డి వైపు పరుగో పరుగు. మోకాలు పట్టేసిన ఆమే అందరికన్నా ముందుంది.