ఆకు అడుగున మట్టిరంగు

పెన్సిల్ చెక్కినప్పుడు వచ్చే చెక్క వాసన నాకు ఇప్పటికీ గుండె దడ పుట్టిస్తుంది. నిన్న సాయంత్రం ముదురుపచ్చ పెన్సిల్‌కు మొన తీస్తుంటే అదే వాసన, అదే దడ. పెద్దవాళ్లు రంగులు వేసుకునే పుస్తకాలను మనశ్శాంతి కోసం కొంటారట. నాకు మాత్రం హోసూరులో వసంతమ్మగారి అంగడి, అక్కడ గడిచిన ఒక సాయంత్రం గుర్తుకొస్తాయి.

అప్పట్లో నేను సూళగిరిలో ఒక కంపెనీలో లెక్కలు చూసేదాన్ని. కోపం ముక్కు మీదే ఉండేది, నిద్ర పట్టేది కాదు. చేతికేదైనా పని పెట్టుకోమని డాక్టరు చెబితే, రంగులు వేసే పుస్తకం ఒకటి పట్టుకుని హోసూరు బస్టాండు దగ్గరున్న వసంతమ్మగారి అంగడికి వెళ్లి రంగు పెన్సిళ్ల పెద్ద పెట్టె అడిగాను. ఆమె ఇవ్వలేదు.

"పెట్టె ఎందుకమ్మా? సగం రంగులు ముట్టనే ముట్టవు. విడిగా ఎత్తుకో," అంటూ వరసగా పెట్టిన స్టీలు గ్లాసులు చూపించింది. ఒక పెన్సిల్ తీసి దాని అడుగు భాగం చూసింది. "లోపలి కడ్డీ సరిగ్గా నడిమధ్యన ఉండాల. పక్కకు జరిగుంటే చెక్కేకొద్దీ విరుగుతాది. పైన పూసిన రంగును నమ్మొద్దు, నీ పుస్తకంలో కడాపటి పేజీలో గీసి చూడు."

గీశాను, మేకు దిగ్గొట్టినట్టు. వెంటనే నా మణికట్టు పట్టుకుంది. "అట్ల అదిమితే కాయితం మూసుకుపోతాది. ఇంక దాని మీద ఏ రంగూ పట్టదు. పల్చగా ఎయ్యి, మళ్లా ఎయ్యి." నన్ను అలా పట్టి ఆపినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. ఆ తర్వాత వారానికోసారైనా ఆ అంగడి గడప తొక్కకుండా ఉండలేకపోయాను.

ఒకరోజు నేను వేసిన ఎర్రమందారం చూపిస్తే, "నీలం బాగా పట్టిందమ్మా," అంది. "నీలమా?" అన్నాను. ఆమెకు అర్థమైపోయింది. షుగరు ఆమె కళ్లను దెబ్బతీసింది, రంగులన్నీ బూడిదలాగే కనిపిస్తున్నాయి. "మా శీనుకు చెప్పొద్దు తల్లీ," అని చేతులు పట్టుకుంది. ఒక్క తప్పు వస్తువు చేతికిచ్చినా షట్టరు దించేస్తానని కొడుకు అప్పటికే చెప్పి ఉన్నాడు. ఆ అంగడి లేకపోతే ఆమె బతకదని నాకు తెలుసు.

ఆ సాయంత్రం నేను వెళ్లేసరికి శీను అంగట్లోనే కూర్చుని ఉన్నాడు. ఆమె ఇంటికి వెళ్లొచ్చేలోగా దుమ్ము దులిపి, గ్లాసులను తనకు తోచినట్టు సర్దేశాడు. ఆమె రంగులు పోల్చుకునేది ఆ వరసను బట్టే; అది మారిందని చూడగానే గబగబా ఆమె వైపు నడిచాను. ఆమెకు చెప్పేలోపే ఒక అమ్మాయి వచ్చి, ఆకులకు వేయడానికి ముదురుపచ్చ అడిగింది. వసంతమ్మగారి వేలు గ్లాసుల మీదుగా జరిగి, ఒకచోట ఆగింది. తీసిచ్చింది మట్టిరంగు.

శీను ఫోన్లోంచి తల ఎత్తాడు.

"అది నాది! మట్టిరంగు నేనే అడిగినాను కదమ్మా," అంటూ లాక్కున్నాను.

"ఎప్పుడడిగినావక్కా? ఇప్పుడే కదా లోపలికి వచ్చినావు," అన్నాడు.

వసంతమ్మగారి అరచెయ్యి గ్లాసులన్నీ తడిమింది. "నాకోసరం అబద్ధాలొద్దమ్మా," అని కొడుకువైపు తిరిగింది. "శీనప్పా, నాకు రంగులు తెలియక ఏడాదాయె. గ్లాసుల వరసను పట్టుకోని అమ్ముతా ఉండాను. చెప్పు, షట్టరు దించేస్తావా?"

అతను లేచాడు. షట్టరు దగ్గరికే వెళ్తున్నాడనుకుని నేను కళ్లు మూసుకున్నాను. స్టీలు చప్పుడైంది. చూస్తే, గ్లాసులన్నీ తనవైపు లాక్కుంటున్నాడు. "ముందర ఏది యాడ ఉండెనో చెప్పుమా," అన్నాడు. ఆమె చెబుతూ ఉంటే ఒక్కొక్కటీ పెట్టాడు. ఆ అమ్మాయికి పచ్చ పెన్సిల్ తనే ఇచ్చాడు.

నేను మట్టిరంగు వెనక్కి పెట్టబోతే ఆమె మళ్లీ మణికట్టు పట్టుకుంది. "ఎత్తుకున్నావు కదా, వాడుకో. ముందర ఇది పల్చగా వేసి, పైన పచ్చ ఎయ్యి. అప్పుడే అది చెట్టున ఉండే ఆకు మాదిరి ఉంటాది."

వసంతమ్మగారు ఇప్పుడు లేరు. అంగట్లో శీను కూర్చుంటాడు. మొన్న పొరపాటున నా చెయ్యి తగిలి ఒక గ్లాసు జరిగితే, బేరం మధ్యలో ఆపి లేచొచ్చి దాని చోట దాన్ని పెట్టి వెళ్లాడు. నిన్న కూడా నేను పచ్చకు ముందు మట్టిరంగే వేశాను. ఆఫీసు చికాకులో పెన్సిల్ గట్టిగా అదమబోయాను. మణికట్టు మీద ఆ వేళ్లు తగిలాయి, చెయ్యి దానంతటదే తేలికపడింది.