వలల ఉట్టికి నాలుగో మూత

మా చిన్నప్పుడు మా ఇంట్లో పాల కుండకి ఉట్టి లేదు గానీ... వలలకి ఉండేది.

మాది కొల్లేటి లంక. ఏలూరు వెళ్ళాలంటే ముందు పడవ, ఆ తరవాత బస్సు. తాటాకు ఇల్లు... చూరులో మాకంటే ఎలుకల సంసారాలే ఎక్కువ. నాన్న చేపలు పట్టేవాడు. వల కింద పెడితే ఎలుకలు కొరికేవి, తడి ఆరకుండా మూలన చుట్టి పడేస్తే తాళ్ళు చివికిపోయేవి.

ఒక ఎండాకాలం నాన్న తన తెలివంతా బయటికి తీశాడు. విరిగిన నులక మంచం ఒకటి పెరట్లో పడుంటే, దాని కోళ్ళు ఊడగొట్టి, చట్రం మీద వెదురు బద్దలు గాలి ఆడేలా ఎడం ఎడంగా కట్టాడు. నాలుగు మూలలా పాత పడవ తాళ్ళు వేసి దూలానికి వేలాడదీశాడు. అంచుకి మేకులు కొట్టి గాలాలు తగిలించాడు.

అసలు కిటుకు మూతల్లో ఉంది... నాలుగు తాళ్ళకీ నాలుగు రేకు డబ్బా మూతలు. ఒక్కోదాన్ని అంచు నుంచి నడిమి దాకా కత్తిరించి, తాడుకి తొడిగి, కిందికి జారకుండా ముడి వేశాడు. దూలం మీంచి దిగే ఎలుక ఆ మూత మీదికి వచ్చిందా, జర్రున జారి నేల మీద పడాల్సిందే. పైసా ఖర్చు లేదు.

"ఏవండోయ్, వలల్లో గానీ వెన్న దాచుకుంటున్నారా?" అని లంకంతా ఆటపట్టించింది. పది రోజులు తిరక్కుండా అదే జనం కొలతలు తీసుకోవడానికి మా ఇంటికొచ్చారు. నాన్న మురిపెం చూడాలి ఆ రోజుల్లో!

మా మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, పిల్లి బాధ పడలేక తన ఎండుచేపల బుట్ట కూడా ఆ ఉట్టి మీదే ఓ మూలన పెట్టేది.

"అమ్మా, ఆ వాసనకి ఎలకలొస్తాయే..." అనేవాడు నాన్న.

"మూతలున్నాయి కదరా, ఎలాగొస్తాయి?" అనేది మామ్మ.

ఆ ఎండాకాలమంతా నాన్న మధ్యాహ్నాలు నిద్ర మానుకుని కొత్త వల అల్లాడు. వానలు పడి కొల్లేట్లోకి కొత్త నీరు దిగితే చేప ఎదురెక్కుతుంది. ఆ నాలుగు వారాలే మా ఇంటికి ఏడాది తిండి. ఆ వల భద్రంగా ఉట్టెక్కింది.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. చేపల షావుకారు ఆట ఆడేదాన్ని. కందిపుల్లకి దారాలు కట్టి తక్కెడ చేసుకున్నాను. ఒక పక్క చిప్పకి డబ్బా మూత దొరికింది... రెండో పక్కకి దాని జోడు కావాలి. ఎవరూ లేనప్పుడు ట్రంకు పెట్టె ఎక్కి, ఉట్టి తాడుకున్న మూత ఒకటి లాగేశాను. సాయంత్రం పెట్టేద్దాంలే అనుకున్నాను. నత్తగుల్లలు తూచే సరదాలో పడి మర్చేపోయాను.

తెల్లారి నాన్న అరుపుకి మెలకువ వచ్చింది. కొత్త వల వాకిట్లో పరిచి ఉంది... మోచెయ్యి దూరేంత కన్నాలు, ఒకటా రెండా! అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

నాన్న లోపలికెళ్ళి తలెత్తి తాళ్ళ వంక చూశాడు. నేనూ వెనకాలే వెళ్ళి చూశాను.

నాలుగు మూతలూ ఉన్నాయి!

పెట్టింది నేను కాదు. మూల ఉన్న నా తక్కెడ వంక చూశాను... ఒక పక్క చిప్ప లేదు. మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది మామ్మే.

"నీ ఎండుచేపలు తీసెయ్యమని ఎన్నిసార్లు చెప్పేనమ్మా? ఆ వాసనకే ఎగబడ్డాయి. నా నోట్లో మట్టి కొట్టేవు కదే!" నాన్న ఏడుస్తూ అరిచాడు. నాన్న ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

"తప్పు నాదేరా అబ్బాయ్... నాదే" అంది మామ్మ. బుట్ట దించుకుని బయట చూరు కింద పెట్టుకుంది.

నేను నోరు విప్పలేదు. భయం... ఉత్త భయం.

ఆ వానల్లో అతుకులేసిన వలతో నాన్న ఏమీ పట్టలేకపోయాడు. వేరేవాళ్ళ చేపల చెరువు మీద కూలికి కుదిరాడు. మామ్మతో మాట్లాడటం మానేశాడు. కొన్నాళ్ళకి మామ్మ ఉండి ఊళ్ళో మా మేనత్త ఇంటికి బయల్దేరింది, నాలుగు రోజులుండి వస్తానని. పడవ ఎక్కే ముందు నాకు జడ వేస్తూ ఒకే ఒక్క మాట అంది.

"ఆడుకున్నాక ఎక్కడిదక్కడ పెట్టెయ్యాలి తల్లీ."

మామ్మ మళ్ళీ లంకకి రాలేదు. అక్కడే పోయింది.

ఇప్పుడు మా లంకలో ఉట్లు లేవు. వలలున్న ఇళ్ళే తక్కువ, ఉన్నవాళ్ళు ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కుక్కేస్తున్నారు. ఎటు చూసినా చెరువు గట్లే. నేను తాడేపల్లిగూడెంలో, నాన్న ముదినేపల్లిలో తమ్ముడి దగ్గర. ఎప్పుడు అందరం కలిసినా నాన్న ఆ కథ చెబుతాడు. "మా అమ్మకి ఎండుచేపలంటే ప్రాణం... నా కొత్త వల ఎలకలకి పెట్టేసింది" అని. అందరూ నవ్వుతారు. ఇన్నేళ్ళుగా నేనూ నవ్వుతున్నాను. పోయిన నెల కూడా నవ్వాను, నవ్వి కంచం ముందు నుంచి లేచొచ్చేశాను.

మీ బదులు మాట పడినవాళ్ళు మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటారు... వాళ్ళెవరో కింద రాయండి. వాళ్ళు బతికుంటే మాత్రం ఇక్కడ రాయకండి, ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి.

తమ్ముడూ... నాన్నకి చదవడం రాదు కదరా. ఇది నువ్వే కూర్చోబెట్టి చదివి వినిపించు. ఆ మూత తీసింది నేను. తిరిగి పెట్టింది వాళ్ళమ్మ.